కాళ్లకు నీళ్లిచ్చి, కబురడిగి

2021 ఏప్రిల్ 23. ఫ్లోరిడా తీరంలో ఇంకా తెల్లవారలేదు. కెనడీ అంతరిక్ష కేంద్రంలో రాకెట్టు కొసన ఉన్న ‘ఎండీవర్’ అనే చిన్న నౌకలోకి నలుగురు వ్యోమగాములు ఎక్కారు. వాళ్లలో మేగన్ మెకార్థర్ కూర్చున్న కుర్చీ ఆ ఇంటికి కొత్తది కాదు. అంతకు పదకొండు నెలల ముందు, 2020 మే 30న, ఆమె భర్త బాబ్ బెన్‌కెన్ అదే నౌకలో, అదే కుర్చీలో కూర్చుని పైకి వెళ్లారు. రెండు నెలలుండి ఆగస్టు 2న సముద్రంలో దిగారు. ఆయన్ని దింపిన నౌకనే కడిగి, విప్పి, చూసి, మళ్లీ బిగించి ఆమె చేతికిచ్చారు.

మన ఇళ్లలో అన్న చదివిన పుస్తకాలు తమ్ముడికి, అక్క కట్టిన పరికిణీలు చెల్లెలికి రావడం మామూలే. ఇచ్చేముందు అమ్మ ఆ పరికిణీని ఒకసారి వెలుగుకు పట్టి చూసేది. ఎక్కడ పోగు లేచింది, ఎక్కడ కుట్టు వదిలింది, అంచు ఎక్కడ నలిగింది అని వేళ్లతో తడిమేది. కావలసిన చోట రెండు కుట్లు వేసి అప్పుడు ఇచ్చేది. ఎండీవర్ విషయంలో ఆ పని చేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. ఈ నాలుగు మాటలూ వాళ్ల గురించే.

మనుషులు వెళ్లొచ్చిన నౌకలోనే మళ్లీ మనుషుల్ని పంపడానికి నాసా మొదట ఒప్పుకోలేదు. స్పేస్‌ఎక్స్ తయారుచేసే ‘క్రూ డ్రాగన్’ నౌక (ఎండీవర్ ఆ రకానిదే) ప్రతి బృందానికీ కొత్తదే కావాలన్నది తొలి మాట. 2020లో ఆ మాట మారింది. మారాక జరిగిన మొదటి ప్రయాణమే మెకార్థర్ బృందానిది. నౌకా పాతదే, దాన్ని మోసిన రాకెట్టు మొదటి అంచె కూడా పాతదే. పాతది అన్న మాట పలకడానికి కాస్త జంకుతాం కానీ, అక్కడ ఆ మాటకు చిన్నతనమేమీ లేదు. వాడి చూసినది అని దాని అర్థం.

ఊరెళ్లి వచ్చిన మనిషికి ముందు కాళ్లకు నీళ్లిస్తాం. కాస్త కుదుటపడనిస్తాం. ఆ తర్వాత కబుర్లడుగుతాం. దారిలో ఏం జరిగింది, ఎవరు కలిశారు, ఒంట్లో ఎలా ఉంది? డ్రాగన్‌కీ అదే మర్యాద. గంటకు 27 వేల కిలోమీటర్ల వేగం నుంచి గాలిని రాసుకుంటూ దిగిన నౌక, నాలుగు పెద్ద పారాచూట్ల కింద ఊగుతూ వచ్చి ఉప్పునీళ్లలో పడుతుంది. వెళ్లేటప్పుడు తెల్లగా మెరిసిన ఒళ్లు, వచ్చేటప్పటికి కట్టెల పొయ్యి మీంచి దించిన గిన్నెలా మసిబారి ఉంటుంది. దాన్ని ఎత్తి తెచ్చే రెండు పడవలకు ఇప్పుడు ‘మేగన్’, ‘షానన్’ అని పేర్లు. డ్రాగన్‌లో మొదట ప్రయాణించిన ఇద్దరు మహిళలు మేగన్ మెకార్థర్, షానన్ వాకర్‌ల పేర్లవి. ఉప్పు అంటిన లోహం ఊరుకోదు కనుక దాన్ని కడగడంతో పని మొదలవుతుంది. పారాచూట్లు కొత్తవి వేస్తారు. వేడికి కాలిన పైకవచం పలకలు మారుస్తారు. సౌర ఫలకాలుండే వెనక భాగం నౌకతో తిరిగిరాదు కనుక దాన్ని కొత్తగా చేయాల్సిందే. ఇవన్నీ కాళ్లకు నీళ్లివ్వడం వంటివి. అసలు పని ఆ తర్వాతిది, కబురడగడం.

బెన్‌కెన్‌ను తీసుకొచ్చిన ప్రయాణంలోనే ఎండీవర్ ఒక కబురు మోసుకొచ్చింది. అడుగున ఉండే వేడి కవచం ఒకచోట అనుకున్నదానికంటే ఎక్కువగా అరిగింది. నౌకనూ వెనక భాగాన్నీ కలిపే బంధనాలుండే చోటు అది. వాటి చుట్టూ వేడిగాలి ఒరుసుకుని పారిన తీరు లెక్కల్లో సరిగా పడలేదు. లోపల ఉన్నవాళ్లకు ప్రమాదమేమీ రాలేదు. ‘క్షేమంగా వచ్చారు కదా’ అని వదిలేయవచ్చు. వదిలేయలేదు. అక్కడ గట్టి పదార్థం వేసి, అదే ఏడాది నవంబరులో తర్వాతి బృందాన్ని పంపారు.

ఇంతకంటే చిన్నదీ, నాకు ఇంతకంటే నచ్చినదీ ఇంకో కబురుంది. 2021 సెప్టెంబరులో ‘రెజిలియెన్స్’ అనే డ్రాగన్‌లో నలుగురు ప్రైవేటు ప్రయాణికులు మూడు రోజులు భూమి చుట్టూ తిరిగి వచ్చారు. ఆ మూడు రోజుల్లో మరుగుదొడ్డి దగ్గరి ఫ్యాన్ సరిగా లేదని హెచ్చరిక వచ్చింది. నౌక దిగాక నేల పలకలు ఎత్తి చూశారు. మూత్రాన్ని తొట్టెలోకి తీసుకుపోయే ఒక గొట్టం, అతికించిన చోట ఊడిపోయి ఉంది. పోవాల్సినది తొట్టెలోకి పోకుండా ఫ్యాన్ మీద పడి, నేల కింద చిమ్మి, అక్కడే ఉండిపోయింది. బరువు తెలియని చోట అది మడుగు కట్టదు. దొరికిన లోహాన్నల్లా పట్టుకుని ఉంటుంది. పైన ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియనే లేదు.

మూత్రం మాట సంపాదకీయంలో ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. నౌకను సిద్ధం చేసేవాళ్లకు ఇది పెద్ద మాట, ఇది చిన్న మాట అన్న తేడా ఉండదు. వాళ్లకు వెంటనే తట్టింది ఇంకొకటి. అదే రకం గొట్టం, అదే రకం అతుకు ఉన్న ఎండీవర్ అప్పటికే ఐదు నెలలుగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అతుక్కుని ఉంది. మెకార్థర్ బృందం ఇంటికి రావాల్సింది అందులోనే. కిందివాళ్లు చెబితే పైవాళ్లు నేల సందుల్లోకి సన్నటి తీగ కెమెరా దూర్చి చూశారు. అక్కడా చెమ్మ ఉంది. రెజిలియెన్స్‌లో ఉన్నంత లేదు, కానీ ఉంది.

అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి. మూత్రంలో అమ్మోనియాను విరగ్గొట్టడానికి ఆక్సోన్ అనే రసాయనం కలుపుతారు. ఆ రెండూ కలిసి నెలల తరబడి అంటుకుని ఉంటే నౌక అల్యూమినియం తినేస్తుందా? ఎవరూ ఊహించి చెప్పలేదు. నౌకలో వాడే లోహపు ముక్కల్ని అలాంటి ద్రవంలోనే నానబెట్టి, అంతరిక్ష కేంద్రంలో ఉండేంత తేమ ఉన్న గదిలో పెట్టి, చాలా రోజులు కనిపెట్టుకుని కూర్చున్నారు. తుప్పు భయపడినంతగా పెరగలేదని తేలాకే ఎండీవర్ బయల్దేరడానికి సరేనన్నారు. దానిలో వచ్చిన నలుగురూ ఆ ఎనిమిదిన్నర గంటలు మరుగుదొడ్డి వాడకుండా, లోపల ప్రత్యేక వస్త్రాలు కట్టుకుని నవంబరు 8న దిగారు. ఇబ్బందే. అయినా తెలిసి పడిన ఇబ్బంది అది.

ఈ కథలో మనవాళ్ల పేరూ ఉంది. మెకార్థర్ బృందం దిగిన రెండు రోజులకు, నవంబరు 10 రాత్రి, ‘ఎండ్యూరెన్స్’ అనే కొత్త డ్రాగన్ బయల్దేరింది. దాని కమాండర్ రాజాచారి. ఆయన తండ్రి శ్రీనివాసచారి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవారు. కొడుకు అక్కడే పుట్టి, అయోవాలో పెరిగి, వైమానిక దళంలో పైలట్ అయ్యారు. ఆయన ఎక్కిన నౌకలో ఆ గొట్టాన్ని జిగురుతో అతికించి ఊరుకోలేదు, ఊడే వీల్లేకుండా వెల్డింగ్ చేశారు. ముందు వెళ్లొచ్చిన నౌక చెప్పిన మాట విని, ఇంకా వెళ్లని నౌకను సరిచేశారు. తిరిగి వాడుకోవడమంటే ఖర్చు కలిసొస్తుందని అందరూ అంటారు. నిజమే, కలిసొస్తుంది. నన్నడిగితే అంతకంటే విలువైనది ఈ కబురు. తిరిగివచ్చేది ఒక్క నౌకే అయినా, అది మోసుకొచ్చిన మాట మిగతా నౌకలన్నిటికీ పనికొస్తుంది. సముద్రంలో పారేసిన నౌక ఏ మాటా చెప్పదు.

అయితే చెప్పినంత మాత్రాన సరిపోదు. వినాలి. వినకపోతే ఏమవుతుందో కూడా అదే ఫ్లోరిడా తీరం చూసింది.

1981 ఏప్రిల్ 12న ‘కొలంబియా’ ఎగిరినప్పుడు, మనుషులతో కక్ష్యలోకి వెళ్లి విమానంలా దిగి మళ్లీ వెళ్లగల మొదటి నౌక వచ్చిందని లోకమంతా సంబరపడింది. ‘స్పేస్ షటిల్’ అనే ఆ రకం నౌక దిగిన రెండు వారాల్లో మళ్లీ ఎగురుతుందని మొదట్లో అంచనా వేశారు. 30 ఏళ్లలో 135 యాత్రలు జరిగాయి కానీ, ఆ రెండు వారాల మాట ఏనాడూ నిజం కాలేదు. అన్నిటికంటే త్వరగా మళ్లీ వెళ్లినది ‘అట్లాంటిస్’. 1985 అక్టోబరు 3న ఒకసారి, నవంబరు 26న ఇంకోసారి, మధ్యలో 54 రోజులు.

ఎందుకంత కాలం పట్టిందంటే, ఒక్క పెంకు చూస్తే చాలు. షటిల్ పొట్టకూ ఒంటికీ 20 వేలకు పైగా పెంకులు అతికి ఉండేవి. ఇసుకలో ఉండే సిలికానే సన్నటి పోగులుగా చేసి, గట్టిపరిచి, దిమ్మలుగా కోసినవి. చేతిలోకి తీసుకుంటే బెండు ముక్కలా తేలిక. అందులో పదింట తొమ్మిది వంతులు గాలే. కొలిమిలోంచి తీసిన పెంకు లోపల ఇంకా ఎర్రగా మండుతుండగానే దాని మూలల్ని ఉత్త చేతివేళ్లతో పట్టుకోవచ్చు. కాల్చదు. కానీ ఒక పెంకు ఇంకో పెంకు చోట సరిపడదు. నౌక ఒంటి వంపుకు తగ్గట్టు దేని ఆకారం దానిదే, దేని నంబరు దానిదే. పైగా ఈ పెంకుకు నీళ్లంటే గిట్టదు. నీళ్లు పీలిస్తే బరువెక్కుతుంది, పైకెళ్లాక గడ్డకట్టి పగులుతుంది. నీళ్లంటకుండా పూసిన మందు దిగేటప్పటి వేడికి లోపల ఆవిరైపోతుంది. అందుకని ప్రతి యాత్ర తర్వాతా ఒక్కొక్క పెంకు పైపూతలో ఉండే చిన్న రంధ్రంలోంచి సూదితో ఆ మందు మళ్లీ ఎక్కించేవారు. వానాకాలం రాకముందు పెంకుటింటి మీదికెక్కి కప్పు సరిచేసే పనివాడు పగిలినదాన్ని మాత్రమే తీస్తాడు. ఇక్కడ పగలని దానికి కూడా వరుసలో వంతు వచ్చేది. షెడ్డులో దీపాల వెలుగులో, తలపైన నౌక పొట్ట కింద మెడ పైకెత్తి, ఒకదాని తర్వాత ఒకటి 20 వేలు. ఆ చేతుల ఓపికను తలచుకుంటే నమస్కరించాలనిపిస్తుంది.

ఓపిక కొదవేం లేదు. కొదవ వచ్చింది ఆ చేతులు చెప్పిన మాట పైమెట్టు దాకా వెళ్లడంలో.

షటిల్‌ను మోసే రెండు తెల్లటి బూస్టర్లు కూడా మళ్లీ వాడుకునేవే. పని అయిపోగానే పారాచూట్ల మీద అట్లాంటిక్‌లో పడితే, పడవలు వెళ్లి లాక్కొచ్చేవి. విప్పి, తుడిచి, మళ్లీ నింపేవారు. 1985 జనవరి 24న, ఫ్లోరిడాలో బాగా చలిగా ఉన్న రోజుల్లో ‘డిస్కవరీ’ వెళ్లింది. ఆ బూస్టర్లు విప్పినప్పుడు కీళ్ల దగ్గర రెండు రబ్బరు వలయాల మధ్య గ్రీజు నల్లగా కనిపించింది. మంటగాలి మొదటి వలయాన్ని దాటి వచ్చిందన్న మాట. చలికి రబ్బరు బిర్రబిగిసి, కీలును మూయాల్సిన క్షణంలో మూయలేకపోయింది. బూస్టర్ తయారుచేసిన మోర్టన్ థయోకాల్ సంస్థలో ఇంజనీరు రోజర్ బోజాలీ ఆ మసిని కళ్లారా చూశాడు. ఇలాగే వదిలేస్తే మనుషులు పోతారని 1985 జులైలోనే పైవాళ్లకు రాశాడు. 1986 జనవరి 27 రాత్రి, రేపు చలి మరీ ఎక్కువ, పంపొద్దని ఆయనా తోటివారూ వాదించారు. మర్నాడు ‘చాలెంజర్’ 73 సెకన్లు ఎగిరింది. పాఠాలు చెప్పడానికి బయల్దేరిన బడిపంతులమ్మ క్రిస్టా మెకాలిఫ్ సహా ఏడుగురూ పోయారు.

ఆ నల్లటి గ్రీజును తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. బూస్టర్లను సముద్రంలో వదిలేసి ఉంటే ఆ మసి ఎవరికీ కనిపించేది కాదు. దేన్నైతే మళ్లీ వాడుకోవాలని తెచ్చారో, అది నోరు తెరిచి చెప్పింది. ‘అయినా క్షేమంగానే వెళ్లొచ్చిందిగా’ అన్న ఒక్క మాట దాని నోరు నొక్కింది. పోయినసారి తప్పిపోయిన గండాన్ని, ఈసారి కూడా తప్పిపోతుందనడానికి సాక్ష్యంగా చూపించారు. ఇంతకంటే ప్రమాదకరమైన తర్కం ఇంకొకటుండదు. బ్రేకు సరిగా పడని బస్సు డిపోకు చేరిందంటే అది డ్రైవరు నేర్పు. బ్రేకు బాగున్నట్టు కాదు. రాత్రి డిపోలో మెకానిక్‌కు ఈ సంగతి బాగా తెలుసు.

కల్పనా చావ్లా మొదటిసారి 1997 నవంబరులో అంతరిక్షంలోకి వెళ్లింది కొలంబియాలోనే. ఆ ప్రయాణం నుంచి నౌక దిగాక పెంకులు లెక్కబెట్టి చూస్తే 300కు పైగా దెబ్బలు కనిపించాయి. మామూలుగా తగిలే వాటికంటే ఎన్నో ఎక్కువ. బయటి ఇంధన ట్యాంకు మీద పూసే నురుగు పెచ్చులుగా ఊడి తగిలిందని చూసినవాళ్లు రాసిపెట్టారు. అంతకు ముందు 1988 డిసెంబరులో అట్లాంటిస్ 700కు పైగా దెబ్బతిన్న పెంకులతో వచ్చింది; ఒక పెంకైతే పూర్తిగా ఊడిపోయింది. సరిగ్గా ఆ పెంకు వెనక యాంటెన్నా బిగించే మందపాటి లోహపు పలక ఉండబట్టి బతికారు. 2002 అక్టోబరులో ట్యాంకు ముందు భాగంలో ఒక దిమ్మలాంటి నురుగు ముక్క ఊడి బూస్టర్‌కు తగిలింది. ఇన్ని వచ్చినా, నురుగు ఊడటం నౌక దిగాక పెంకులు మార్చే మరమ్మతు పనిగా మారిపోయింది. ప్రాణాల మాటగా ఎవరికీ తోచలేదు.

2003 జనవరి 16న కల్పన రెండోసారి అదే కొలంబియాలో వెళ్లారు. ఎగిరిన 81 సెకన్లకు అదే చోటి నురుగు ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. రెక్క పరిస్థితి చూడటానికి పైనుంచి ఫొటోలు తీయించండని కింద ఇంజనీర్లు అడిగారు. అది ముందుకు సాగలేదు. ఫిబ్రవరి 1న టెక్సాస్ ఆకాశంలో ఏం జరిగిందో ఆ తరం వాళ్లందరం టీవీల్లో చూశాం. కర్నాల్‌లో పుట్టిన ఆ పిల్ల పేరు ఆ ఏడాది మన ఊళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు పెట్టుకున్నామో.

ఆ తర్వాతి షటిళ్లు వినడం నేర్చాయి. అంతరిక్ష కేంద్రం దగ్గరికి రాగానే నౌక నిదానంగా ఒక పిల్లిమొగ్గ వేసేది. పొట్టంతా కనిపించేలా తిరుగుతుంటే కేంద్రంలోని వాళ్లు కిటికీలోంచి పెంకులన్నీ ఫొటోలు తీసేవాళ్లు. 2005లో డిస్కవరీకి అలా తీసిన ఫొటోల్లో, పెంకుల మధ్య సందుల్లో పెట్టే పట్టీలు రెండు బయటికి పొడుచుకొచ్చి కనిపించాయి. ఆగస్టు 3న స్టీవ్ రాబిన్‌సన్ బయటికెళ్లి, నౌక కడుపు కిందికి చేరి, రెండు వేళ్లతో వాటిని లాగేశారు. ముల్లు తీసినంత సులువుగా వచ్చాయి. చూడకపోతే ఆ ముల్లు ఏం చేసేదో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు.

డ్రాగన్ కూడా సుఖంగా ఏమీ రాలేదు. 2019 మార్చిలో మనుషులు లేకుండా అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చిన మొదటి నౌకను మరో పరీక్షకు సిద్ధం చేస్తుండగా, ఏప్రిల్ 20న నేల మీదే పేలిపోయింది. ఒక కవాటం లోంచి ఇంధనాన్ని మండించే ద్రవం కాస్త కారి, పోకూడని గొట్టంలోకి పోయింది. ఒత్తిడి పెంచగానే ఆ టైటానియం కవాటమే అంటుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ కవాటాల స్థానంలో పూర్తిగా మూసి ఉండే పలుచటి బిళ్లలు పెట్టారు. అవసరమైతేనే అవి పగులుతాయి. బెన్‌కెన్ ఎక్కేనాటికి ఆ మార్పు జరిగిపోయింది. తాను పోయి ఆయన్ని కాపాడిన ఆ మొదటి నౌకకు పేరు కూడా పెట్టలేదు.

చెప్పగలిగే సాక్షి దారిలోనే కాలిపోతే ఎంత కష్టమో సునీతా విలియమ్స్ ప్రయాణంలో చూశాం. 2024 జూన్ 5న ఆమె, బుచ్ విల్‌మోర్ బోయింగ్ వారి ‘స్టార్‌లైనర్’లో బయల్దేరారు. పది రోజుల్లోపు రావాల్సినవాళ్లు. కేంద్రాన్ని చేరేముందు నౌకను కదిపే చిన్న ఇంజన్లలో ఐదు మొరాయించాయి, హీలియం కారింది. స్టార్‌లైనర్ నౌకలో మనుషులు కూర్చునే గది తిరిగి వాడుకోగలిగేదే. కానీ ఆ ఇంజన్లు గదికి వెనక తగిలించిన భాగంలో ఉంటాయి. దిగేముందు దాన్ని వదిలేస్తారు, గాలిలో కాలిపోతుంది. సెప్టెంబరులో గది ఖాళీగా క్షేమంగా న్యూమెక్సికో ఎడారిలో దిగింది. జబ్బు చేసిన భాగం మాత్రం చేతికి రాలేదు. అలాంటి ఇంజన్‌నే నేల మీద మండించి, లోపలి టెఫ్లాన్ ముక్క వేడికి ఉబ్బిందని తెలుసుకోవాల్సి వచ్చింది. డ్రాగన్‌లో ఇంజన్లు గదితోపాటే తిరిగొస్తాయి. ఆ తేడా ఎంతటిదో అప్పుడు అర్థమైంది.

వాళ్లిద్దర్నీ చివరికి 286 రోజులకు, 2025 మార్చి 18న, ‘ఫ్రీడమ్’ అనే డ్రాగన్ దింపింది. దానికిది నాలుగో ప్రయాణం. వాళ్ల స్థానంలోకి వెళ్లాల్సిన బృందానికి ముందు సరికొత్త నౌక అనుకున్నారు. అది సిద్ధం కాలేదు. అప్పటికే మూడుసార్లు వెళ్లొచ్చిన నౌకను ముందుకు తెచ్చి పంపారు. అది ఎండ్యూరెన్స్, మన రాజాచారి మొదట నడిపిన నౌక. కొత్తదాని కోసం ఎదురుచూస్తూ ఇల్లు చేరలేకపోయినవాళ్లకు పాతది దారిచ్చింది.

ఎన్నిసార్లు? ఒకే నౌకను ఎన్నిసార్లు పంపవచ్చన్న ఈ ప్రశ్న ఇప్పుడు నాసా, స్పేస్‌ఎక్స్‌ల ముందుంది. డ్రాగన్లకు మొదట ఐదు ప్రయాణాలని లెక్క కట్టారు. 2025 ఆగస్టు 1న ఎండీవర్ ఆరోసారి వెళ్లింది. 15 దాకా తీసుకెళ్లవచ్చా అని భాగం భాగం వేరుగా పరీక్షిస్తున్నారు. మందు సీసా మీద వేసే గడువు తేదీ లాంటిది కాదు ఆ అంకె. ఐదో ప్రయాణానికి బాగున్న కవాటం ఏడోసారి ఎందుకు బాగుంటుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని మార్చాలి. ఇక ‘స్టార్‌షిప్’ లాంటి పెద్ద నౌకలు దిగిన కొద్ది గంటల్లోనే మళ్లీ ఎగరాలని స్పేస్‌ఎక్స్ ఆశ. 2024 అక్టోబరులో దాని కింది రాకెట్టు తిరిగొచ్చి ప్రయోగ స్తంభం చేతుల్లో వాలినప్పుడు నేనూ కళ్లప్పగించి చూశాను. సరుకులతో అలా ఎగిరితే సంతోషమే. మనుషుల్ని ఎక్కించే రోజు మాత్రం, ఆ కొద్ది గంటల్లో కబురడిగే తీరిక ఎవరికైనా ఉంటుందా అని బెంగగా ఉంది. షటిల్‌ను రెండు వారాల్లో పంపుతామన్నవాళ్లు కూడా మంచివాళ్లే, తెలివైనవాళ్లే.

మన తీరానికి వద్దాం. 2023 అక్టోబరు 21 ఉదయం శ్రీహరికోటలో గగన్‌యాన్ తొలి పరీక్ష వాహనం ఎగరాల్సిన క్షణానికి ఐదు సెకన్ల ముందు కంప్యూటరు ఆపేసింది. టీవీ ముందున్నవాళ్లకు ఉసూరుమనిపించింది. కారణం పట్టుకుని సరిచేసి పది గంటలకు పంపారు. ఆపద వస్తే మనుషుల గదిని రాకెట్టు నుంచి దూరంగా లాక్కుపోయే ఏర్పాటు చక్కగా పనిచేసింది. గది పారాచూట్ల మీద బంగాళాఖాతంలో వాలింది. నేవీ వాళ్లు దగ్గరికెళ్లి చూస్తే అది తలకిందులుగా తేలుతోంది. ఆ సంగతి ఇస్రో దాచలేదు. లోపల ఎవరూ లేరు. రేపు ఉంటారు, బెల్టులకు వేలాడుతూ, పైన ఉండాల్సిన తలుపు నీళ్లకింద. నీళ్లలో పడ్డ గదిని నిటారుగా నిలబెట్టే గాలితిత్తుల ఏర్పాటుకు ఆ ఉదయం ఒక కబురు అందింది.

గగన్‌యాన్ గదులు ప్రస్తుతానికి ఒక్కసారి ఎగిరేవే. మళ్లీ ఎగరడం మనవాళ్లు వేరే చోట నేర్చుకుంటున్నారు. కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర ‘పుష్పక్’ అనే రెక్కల నౌకను హెలికాప్టర్‌తో నాలుగున్నర కిలోమీటర్లు పైకెత్తి వదిలితే, తనంతట తాను దారి చూసుకుని రన్‌వే మీద దిగింది. గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో చక్రాలు నేలను తాకాయి. ప్రయాణికుల విమానాలు దిగే వేగం కంటే అది ఎక్కువ. 2024 మార్చి 22న దిగిన ఆ నౌక ఒంటినే, దాని పరికరాలనే ఏ మార్పూ లేకుండా జూన్ 23న మళ్లీ దింపారు. మనుషులు దానిలో ఎక్కడానికి ఇంకా చాలా దూరం ఉంది. అయినా వాడినదాన్ని విప్పి చూడటం, చూసినదాన్ని నమ్మి మళ్లీ పంపడం అనే ఒడుపు ఇలాంటి చిన్న పనుల్లోనే అబ్బుతుంది.

గగన్‌యాన్‌లో మొదటి ముగ్గురు దిగివచ్చిన రోజు దేశమంతా వాళ్ల ముఖాలే చూస్తుంది. చూడాలి కూడా. ఆ గది శ్రీహరికోట చేరాక, తలుపు తీసి, టార్చి పట్టుకుని లోపలికి వంగేవాళ్లు ఇంకొందరుంటారు. ఏ స్క్రూ వదులైంది, ఏ గొట్టం చెమ్మగిల్లింది, కవచం ఎక్కడ ఎక్కువ అరిగింది అని ఒక్కొక్కటే రాసుకుంటూ కూర్చుంటారు. వాళ్లు పని ముగించి, సూళ్లూరుపేట బస్సెక్కి ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. కాళ్లకు నీళ్లివ్వడానికి ఇంట్లో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.